తీర్పు రాకముందే పరిహారం అడగవచ్చు, అది రాజీ కాదు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ చెల్లెలికి 24 ఏళ్లు. ప్రైవేటు సంస్థలో పనిచేస్తుండగా నాలుగు నెలల క్రితం అక్కడి మేనేజరు అత్యాచారం చేశాడు. ఎఫ్ఐఆర్ అయింది. అతను బెయిలు మీద బయట తిరుగుతున్నాడు. చెల్లెలు ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంటోంది. కౌన్సెలింగుకీ మందులకీ అప్పు చేస్తున్నారు. పరిహారం గురించి అడిగితే తీర్పు వచ్చాకే అని ఒకరన్నారు. డబ్బు అడిగితే కేసు చెడిపోతుందని, రాజీ పడ్డారనుకుంటారని బంధువులు భయపెడుతున్నారు. క్రిమినల్ కేసు కాకుండా చట్టంలో ఇంకేమైనా దారి ఉందా అని మీరు అడిగారు.

ఉంది. ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయి. ఇరవై ఏళ్లకు పైగా సివిల్ కేసులు, న్యాయ సేవాధికార సంస్థ తరఫు కేసులు చూస్తున్నదాన్ని కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తాను. పొడుగైనా ఓపికగా చదవండి. వీటిలో ఒక దారికి మీకు ఇక రెండు నెలల గడువే మిగిలింది.

మొదట ఆ భయం సంగతి. పరిహారం వేరు, రాజీ వేరు. నిందితుడు మధ్యవర్తిని పంపి డబ్బిచ్చి కేసు మాఫీ చేయించుకోవాలని చూడటం రాజీ. అత్యాచారం కేసులో చట్టం దానికి ఒప్పుకోదు. 2015లో మధ్యప్రదేశ్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు, అత్యాచారం విషయంలో రాజీ అన్న ఆలోచనకే తావు లేదని తేల్చి చెప్పింది. పరిహారం అలాంటిది కాదు. చట్టం ఇచ్చిన హక్కు కింద ప్రభుత్వ నిధి నుంచో, కోర్టు ఆదేశం మీదో అందే డబ్బు. దాని కోసం మీ చెల్లెలు ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోనక్కర్లేదు. రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిందితుడి లాయరు 'డబ్బు కోసమే కేసు పెట్టారు కదా' అని అడగవచ్చు, చాలామంది అడుగుతారు. 'చట్టం ఇచ్చిన పథకం కింద దరఖాస్తు పెట్టుకున్నాను, వైద్యానికి వాడుకున్నాను' అంటే సరిపోతుంది. దాచిపెట్టి, అడిగినప్పుడు తడబడితేనే ఇబ్బంది.

ఇక తీర్పు వచ్చాకే అన్న మాట. నేను ఎక్కువసార్లు విన్న అబద్ధం ఇదే. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయిని ఒక కార్యాలయంలో గుమస్తా ఇదే మాట చెప్పి మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి నేను వెంట వెళ్లి, సెక్షన్ చూపించి, దరఖాస్తు ఇచ్చి, రశీదు తీసుకుంటే అదే కాగితం అదే కార్యాలయంలో తీసుకున్నారు. ఆ సెక్షను పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీలో 357ఎ. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో అది 396. అందులో ఏముందో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. నిందితుడు ఎవరో తెలియకపోయినా, విచారణే జరగకపోయినా బాధితురాలు పరిహారం అడగవచ్చు. కేసు కొట్టేసినా, ఆమెకు పునరావాసం అవసరమనిపిస్తే కోర్టు సిఫార్సు చేయవచ్చు. నిందితుడు విడుదలైనప్పుడు కూడా దారి తెరిచి ఉంచిన చట్టం, శిక్ష పడేదాకా ఆగమని ఎందుకంటుంది?

మీరు వెళ్లాల్సింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. లైంగిక దాడి బాధితుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018లో ప్రత్యేక పథకం తయారు చేసింది, సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించింది. అందులో అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షల దాకా, సామూహిక అత్యాచారానికి 5 లక్షల నుంచి 10 లక్షల దాకా పరిహారం ఉంది. గర్భం రావడం లాంటి పరిణామాలకు వేరే పద్దులున్నాయి. ఒకటి కంటే ఎక్కువ పద్దులు వర్తిస్తే కలిపి లెక్క కడతారు. మైనరైతే ఆ పరిమితి సగం మేర పెరుగుతుంది.

దరఖాస్తు అందగానే తక్షణ ఖర్చులకు 5,000 నుంచి 10,000 రూపాయలు ఇవ్వాలని, తుది నిర్ణయానికి ముందే మధ్యంతర పరిహారం ఇస్తే అది గరిష్ఠ మొత్తంలో పావు వంతుకు తగ్గకూడదని ఆ పథకంలోనే ఉంది. అడగకపోతే ఈ మధ్యంతరం సంగతి ఎవరూ ఎత్తరు. అందుకే దరఖాస్తులో ప్రత్యేకంగా ఒక పేరా రాయండి: వైద్యం నడుస్తోంది, ఆదాయం పోయింది, మధ్యంతర పరిహారం ఇప్పించండి అని. ఎంత అప్పయిందో అంకెల్లో రాయండి. విచారణ రెండు నెలల్లో ముగించాలని చట్టం చెబుతోంది. ఆలస్యమవుతుంది, అది నిజమే. ఆలస్యమైనప్పుడు తేదీలు వేసి రాతపూర్వకంగా గుర్తు చేస్తూ ఉండాలి. తక్కువ ఇచ్చారనిపిస్తే 30 రోజుల్లో రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు.

తుది మొత్తం వచ్చాక చాలామంది కంగారుపడే విషయం ఒకటుంది, ముందే చెబుతాను. డబ్బంతా చేతికి రాదు. 75 శాతం కనీసం మూడేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తారు, 25 శాతం వెంటనే వాడుకోవచ్చు. చదువుకో వైద్యానికో తప్పనిసరైతే డిపాజిట్ నుంచి తీసుకోవడానికి అనుమతి అడగవచ్చు. మీకు అప్పులున్నాయన్నారు కాబట్టి ఆసుపత్రి బిల్లులు జతచేసి ఆ అనుమతి కోరండి.

ఖాతా మీ చెల్లెలి ఒక్కరి పేరు మీదే ఉండాలి. నాన్నతోనో అన్నతోనో కలిపిన ఖాతా వద్దు. ఆధార్‌లో పేరు, పాస్‌బుక్‌లో పేరు, ఎఫ్ఐఆర్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉందని నెలల తరబడి ఆగిన ఫైళ్లు చూశాను.

సాక్ష్యాల గురించి ఇక్కడే చెబుతాను, ఎందుకంటే అన్ని దారులకూ పనికొచ్చేది ఇదే. నేను చూసిన వాటిలో అన్నిటికన్నా బలమైన ఫైలు ఒక తల్లి తెచ్చింది. రెండొందల పేజీల రూళ్ల నోటుబుక్కు. ప్రతి పేజీలో ఒక తేదీ. ఆ రోజు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లారు, ఆటోకి ఎంతైంది, మందులకి ఎంతైంది, కూతురు ఆ రాత్రి నిద్రపోయిందా లేదా. మందుల చీటీలు అక్కడే పిన్ను కొట్టి ఉన్నాయి. 'ఈ రోజు ఫ్యాను శబ్దానికి లేచి ఏడ్చింది, తలుపు గడియ మూడుసార్లు చూసొచ్చింది' అని ఒకచోట పెన్సిలుతో రాసి ఉంది. మానసిక క్షోభకు ఎంత ఇవ్వాలని వాదించేటప్పుడు నా నోట్సు పక్కన పెట్టి ఆ పేజీ చదివాను. మీరూ ఈ రోజు నుంచే ఒక పుస్తకం పెట్టండి, గడిచిన నాలుగు నెలలు గుర్తున్నంత మేర రాయండి. మందుల షాపు బిల్లులు ఆ నున్నటి కాగితం మీద ఏడాదిలో మాసిపోతాయి, వెంటనే జిరాక్సు తీయించి అసలుతో కలిపి ఉంచండి. సైకియాట్రిస్టు చీటీలో జబ్బు పేరు, ఎంతకాలం మందులు వాడాలి అన్నది స్పష్టంగా రాయమని అడగండి.

వైద్యం అంటే గుర్తొచ్చింది. లైంగిక దాడి బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రే కాదు, ప్రైవేటు ఆసుపత్రి కూడా ప్రథమ చికిత్స, వైద్యం వెంటనే ఉచితంగా చేయాలి. అది బీఎన్ఎస్ఎస్ 397. మొదటి రోజుల్లో మీ దగ్గర డబ్బు కట్టించుకున్న ఆసుపత్రి ఉంటే ఆ బిల్లులు కూడా జతచేయండి.

ఇప్పుడు ఆ రెండు నెలల గడువు సంగతి. ఘటన పనిచేసే చోట, పై అధికారి చేతిలో జరిగింది కాబట్టి 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం వర్తిస్తుంది. పోలీసు కేసు ఉన్నా ఇది విడిగా నడుస్తుంది. ఉద్యోగం మానేసినా ఫిర్యాదు చేయవచ్చు. గడువు ఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలలు. ఒకటి కంటే ఎక్కువసార్లు జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. ఆ గడువులో ఫిర్యాదు చేయలేని పరిస్థితి ఉందని, ఈ ఫిర్యాదులు విచారించే కమిటీ నమ్మితే, కారణాలు రాసి మరో మూడు నెలల వరకు పొడిగించవచ్చు. మీకు నాలుగు నెలలయ్యాయి. కాబట్టి ఫిర్యాదుతో పాటు ఆలస్యానికి కారణం రాసి, డాక్టరు సర్టిఫికెట్ పెట్టండి. చికిత్సలో ఉంది, మంచం దిగలేదు అన్నది సరైన కారణమే.

పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. మీరు మేనేజరు అన్నారు. అతనే యజమానో, యజమాని తరఫున మొత్తం నడిపించేవాడో అయితే స్థానిక కమిటీ దారి చూడండి.

ఈ కమిటీకి సాక్షుల్ని పిలిపించే విషయంలో సివిల్ కోర్టుకున్న అధికారాలుంటాయి. విచారణ 90 రోజుల్లో పూర్తి చేయాలి. తప్పు రుజువైతే అతని జీతంలోంచి కోసి మీ చెల్లెలికి ఇప్పించమని సిఫార్సు చేయగలదు. ఎంత ఇవ్వాలన్నదానికి చట్టం చూసే అంశాలు ఇవి: ఆమె పడిన మానసిక వేదన, పోయిన ఉద్యోగావకాశాలు, శారీరక, మానసిక వైద్యానికి అయిన ఖర్చు, అతని ఆదాయం. పోయిన ఉద్యోగం అన్న పద్దు చట్టంలో ఇంత స్పష్టంగా రాసి ఉండటం మీకు చాలా ముఖ్యం. చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, రావాల్సిన ఇంక్రిమెంటు మెయిలు ఉంటే అది కూడా పెట్టండి. ఉద్యోగానికి తిరిగి వెళ్లాలనుకుంటే విచారణ కాలంలో మూడు నెలల దాకా అదనపు సెలవు, లేదా బదిలీ కోరవచ్చు.

ఒక హెచ్చరిక. కమిటీవాళ్లు 'కన్సిలియేషన్ (మాట్లాడుకుని సర్దుబాటు) చేసుకుంటారా' అని అడగవచ్చు. అది ఆమె కోరితేనే జరగాలి, పైగా డబ్బు ఆధారంగా కన్సిలియేషన్ కుదర్చకూడదని చట్టంలో ఉంది. ఇంత తీవ్రమైన విషయంలో వద్దనే చెప్పండి.

ఇంకో హెచ్చరిక ఇంతకన్నా పెద్దది. మీ చెల్లెలు ఇప్పటికే పోలీసులకు వాంగ్మూలం ఇచ్చింది, మేజిస్ట్రేటు ముందు కూడా ఇచ్చి ఉంటుంది. ఇక ముందు ఏ దరఖాస్తులో ఏం రాసినా నిందితుడి లాయరు వాటిని పక్కపక్కన పెట్టి తేడాలు వెతుకుతాడు. తారీఖు, సమయం, గది, ఎవరెవరున్నారు, అన్నీ. అందుకని ఎఫ్ఐఆర్ కాపీ (ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి) ముందు పెట్టుకుని రాయండి. గుర్తులేనిది గుర్తులేదనే రాయండి. పరిహారం దరఖాస్తులో ఘటన వివరాలు పేజీలకు పేజీలు రాయక్కర్లేదు. ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు, రెండు వాక్యాలు చాలు. మిగతా జాగా వైద్యానికీ ఖర్చులకీ వాడండి. ఆ రాత్రి సంగతి ఆమె చేత మళ్లీ మళ్లీ రాయించకండి.

ఇదే కారణంతో, పూర్తిస్థాయి సివిల్ దావా గురించి నా సలహా కాస్త వేరుగా ఉంటుంది. దావా వేయవచ్చు, నిస్సందేహంగా. శరీరం మీద దాడి చేసినవాడి నుంచి నష్టపరిహారం రాబట్టుకునే హక్కు సివిల్ చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. అక్కడ రుజువు చేయాల్సిన స్థాయి కూడా తక్కువ. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావు లేకుండా నిరూపించాలి, సివిల్ కోర్టులో రెండు కథనాల్లో ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తారు. అందుకే క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన దావా ఓడిపోదు. సంస్థ నిర్లక్ష్యం ఉంటే, అంటే ఇదే మనిషి మీద ముందే ఫిర్యాదులు వచ్చినా పట్టించుకోకపోయి ఉంటే, సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. ఆస్తులు అమ్ముకుని జారుకుంటాడనిపిస్తే తీర్పుకు ముందే జప్తు కోరవచ్చు.

కానీ మన కోర్టుల్లో ఇలాంటి దావాలు చాలా అరుదు. ఏళ్లు పడుతుంది. కోర్టు ఫీజు అడిగిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. పైగా ఇప్పుడే వేస్తే మీ చెల్లెలు రెండు కోర్టుల్లో రెండుసార్లు బోనెక్కి అదే చెప్పాలి. నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఇది: క్రిమినల్ కోర్టులో ఆమె సాక్ష్యం పూర్తయ్యాక దావా వేయండి, కానీ మూడేళ్ల కాలపరిమితి దాటనివ్వకండి. విచారణ నత్తనడక నడిచి రెండున్నరేళ్లు గడిచాయంటే సాక్ష్యం కోసం ఆగకుండా వేసేయాలి. దావాలో ఆమె పేరు బయటికి రాకుండా చూడమని, విచారణ మూసిన గదిలో జరపమని మొదటి రోజే దరఖాస్తు పెట్టాలి. ముందు అందిన పరిహారం కూడా చెప్పాలి, కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

ఫీజు గురించి దిగులు పడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. లాయరు, కోర్టు ఫీజు, కాగితాల ఖర్చు అన్నీ అందులోనే. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇచ్చిన లాయరు పట్టించుకోకపోతే మార్చమని అడిగే హక్కు కూడా ఉంది, మొహమాటపడకండి. మహిళా న్యాయవాది కావాలని దరఖాస్తులోనే రాయండి.

అతను బెయిలు మీద ఉండి ఫోన్లు చేస్తున్నా, ఇంటి చుట్టూ తిరుగుతున్నా, బంధువుల చేత చెప్పిస్తున్నా ప్రతిదీ తేదీతో రాసి పెట్టి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ఇవ్వండి. బెయిలు రద్దు కోరడానికి అదే ఆధారం. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద కూడా అడగవచ్చు. మీ కామెంట్లో ఒకచోట 'మొన్న మావయ్య వచ్చి పది లక్షలు ఇప్పిస్తానన్నాడు' అని ఉంది. ఆ తేదీ కూడా పుస్తకంలో రాయండి.

ఈ జవాబు ఇంకెవరైనా చదువుతారని నాకు తెలుసు, అందుకే రెండు మాటలు వాళ్ల కోసం. చేసినవాడు భర్తే అయితే: మన శిక్షాస్మృతి 18 ఏళ్లు దాటిన భార్య విషయంలో భర్తను అత్యాచారం నిర్వచనం నుంచి ఇప్పటికీ మినహాయించింది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. కానీ 2005 నాటి గృహహింస చట్టంలో లైంగిక హింస స్పష్టంగా ఉంది. మేజిస్ట్రేటు కోర్టులో ఒకే దరఖాస్తుతో రక్షణ ఉత్తర్వు, ఉండటానికి ఇల్లు, నెలనెలా ఖర్చులు, మానసిక వేదనకు పరిహారం అడగవచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు.

చిన్నపిల్లల విషయమైతే పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద ఉండే ప్రత్యేక కోర్టు ఎఫ్ఐఆర్ నమోదైన తర్వాత ఏ దశలోనైనా మధ్యంతర పరిహారం ఇవ్వవచ్చు, ఆదేశం అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి. చిన్నప్పుడు జరిగినదానికి సివిల్ దావా వేయాలంటే 18 నిండాక మూడేళ్ల దాకా, అంటే 21 వచ్చేదాకా సాధారణంగా సమయం ఉంటుంది.

జరిగింది ప్రభుత్వ స్థలంలో, ప్రభుత్వ ఉద్యోగుల చేతిలో అయితే హైకోర్టులో రిట్ (ప్రభుత్వం మీద వేసే పిటిషన్) వేసి ప్రభుత్వం నుంచే పరిహారం కోరవచ్చు. హౌరా స్టేషన్ యాత్రి నివాస్‌లో రైల్వే ఉద్యోగులు కూడా ఉన్న ముఠా ఒక బంగ్లాదేశ్ మహిళపై అత్యాచారం చేస్తే, 10 లక్షలు చెల్లించాలన్న ఆదేశాన్ని 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె మన దేశ పౌరురాలు కాదన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. ఆ కేసు చంద్రిమా దాస్ కేసుగా ప్రసిద్ధి. ఆ పేరు కేసు వేసిన న్యాయవాదిది, బాధితురాలిది కాదు.

పేరు అంటే, మీరు ఇక్కడ పెట్టిన మొదటి పోస్టులో సంస్థ ఉన్న వీధి, చెల్లెలి కాలేజీ రాశారు. దయచేసి తీసేయండి. బాధితురాలిని గుర్తుపట్టేలా ప్రచురించడం రెండేళ్ల దాకా శిక్ష పడే నేరం. ఎవరో శిక్షిస్తారని కాదు, ఆమె ఇల్లు దాటి బయటికి వెళ్లే రోజు కోసం ఆ వివరాలు బయట లేకుండా ఉండాలి.

సోమవారం పొద్దున్నే ఎఫ్ఐఆర్ కాపీ, ఆధార్, పాస్‌బుక్, వైద్య పత్రాలు రెండేసి జిరాక్సులతో జిల్లా కోర్టుకు వెళ్లండి. చెల్లెలు రాలేనంటే బలవంతం చేయకండి. దరఖాస్తు ఫారం ఇంటికి తెచ్చి, ఆమెకు చదివి వినిపించి, ఆమె సరేనంటేనే సంతకం పెట్టించండి. ఇచ్చిన కాగితం కాపీ మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. కమిటీ ఫిర్యాదుకు మాత్రం ఘటన తేదీకి ఆరు నెలలు ఎప్పుడు నిండుతాయో ఇవాళే క్యాలెండరులో చూసి, దానికి కనీసం పది రోజుల ముందే రిజిస్టర్డ్ పోస్టులో చేరేలా పంపండి. ఎవరైనా మళ్లీ తీర్పు వచ్చాక రండి అంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసిచ్చినా, రాసివ్వనన్నా ఏం జరిగిందో ఇక్కడ చెప్పండి, తర్వాతి దరఖాస్తు ఎలా రాయాలో చూద్దాం.